కారు బ్యాటరీ మీద బూస్ట్ కన్వర్టర్: ఇన్‌పుట్ వోల్టేజీ హద్దులు తేల్చుకోవడం ఎలా

బూస్ట్ కన్వర్టర్ అంటే తక్కువ వోల్టేజీని పెంచి ఇచ్చే సర్క్యూట్. దాని చిప్ డేటాషీట్ తెరవగానే మొదటి పేజీలోనే "ఇన్‌పుట్ 3.5 నుంచి 45 వోల్టులు" లాంటి మాట కనిపిస్తుంది. కారు బ్యాటరీ 12 వోల్టులే కదా, 45 దాకా తట్టుకుంటుందంటే ఇంక టెన్షన్ దేనికి అనుకుని చాలామంది అక్కడితో డేటాషీట్ మూసేస్తారు. ఆ అంకె అబద్ధం కాదు. కాకపోతే అది చిప్‌కి కరెంటు ఇచ్చే ఒక్క పిన్ గురించి చెప్పే అంకె. మీరు కట్టబోయే సర్క్యూట్‌కి హద్దులు వేరే ఉంటాయి, వాటిని మీరే లెక్కేసుకోవాలి. కింది హద్దు ఇండక్టర్ (తీగ చుట్ట) కరెంటు, వైరు మందం చూసి తేలుతుంది, పై హద్దు అవుట్‌పుట్‌కి తగిలించిన సామాను చూసి తేలుతుంది, చిప్ మీద రాసిన అంకె చాలాసార్లు ఈ రెంటిలో దేనికీ అడ్డు రాదు.

ఊరికే సూత్రాలు చెప్తే ఎక్కవు కాబట్టి ఒక పని పెట్టుకుందాం. టిఫిన్ బండిగా మార్చిన ఒక వ్యాన్, 12 వోల్టుల బ్యాటరీ. అందులో బిల్లులు కొట్టే థర్మల్ ప్రింటర్ 24 వోల్టుల మీద నడుస్తుంది, 1 ఆంప్ తీసుకుంటుంది అనుకుందాం. బిల్లు కొడుతుండగా డ్రైవర్ సెల్ఫ్ కొట్టినా ప్రింటర్ రీసెట్ అవకూడదు. కంట్రోలర్‌గా టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల ఎల్ఎం5155-క్యూ1 తీసుకుంటున్నాను, ఎందుకంటే ఇన్‌పుట్ హద్దుల గురించి చెప్పాల్సినవన్నీ దీని డేటాషీట్‌లో దొరుకుతాయి. వేరే చిప్ అయినా పద్ధతి ఇదే.

1. ముందు బండిలో ఏయే వోల్టేజీలు వస్తాయో రాసుకోండి

చిప్ సంగతి తర్వాత. ఇంజిన్ ఆపి ఉంటే నిండా ఛార్జ్ అయిన బ్యాటరీ 12.6 దగ్గర ఉంటుంది, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్యలో ఉంటుంది. రోజంతా మీటర్ పెట్టి చూసినా ఇవే కనిపిస్తాయి, మనల్ని మోసం చేసేవి కూడా ఇవే. చిప్‌ని చంపేవి మీటర్‌కి అందనంత తొందరగా వచ్చి పోతాయి.

వాటి కోసం అంతర్జాతీయంగా రెండు ప్రమాణాలున్నాయి, ఐఎస్ఓ 16750-2, ఐఎస్ఓ 7637-2. 12 వోల్టుల బండికి వాటిలో మనకి కావలసినవి ఇవీ:

- సెల్ఫ్ కొట్టినప్పుడు పడిపోయే వోల్టేజీ. ఐఎస్ఓ 16750-2లో దీనికి నాలుగు స్థాయిలున్నాయి. అట్టడుగు విలువలు మొదటి దాంట్లో 8, రెండో దాంట్లో 4.5, మూడో దాంట్లో 3, నాలుగో దాంట్లో 6 వోల్టులు. ఈ అట్టడుగు 15 మిల్లీసెకన్లే ఉంటుంది, ఆ తర్వాత కొంచెం లేచి సెకన్ల కొద్దీ తక్కువలోనే ఊగుతుంది. జర్మన్ కార్ల కంపెనీల ఎల్‌వీ 124లో తీవ్రమైన చలి పరీక్ష 3.2 వోల్టుల దాకా దిగుతుంది.
- రెగ్యులేటర్ చెడితే 18 వోల్టులు, గంటసేపు.
- బ్యాటరీ డౌన్ అయినప్పుడు పక్కన లారీ నుంచి జంపర్ కేబుళ్లు వేస్తారు చూడండి, దాని కోసం 24 వోల్టులు, ఒక నిమిషం.
- బ్యాటరీ ఉల్టా తగిలిస్తే మైనస్ 14 వోల్టులు, ఒక నిమిషం.
- లోడ్ డంప్. ఆల్టర్నేటర్ గట్టిగా ఛార్జ్ చేస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడితే వోల్టేజీ 79 నుంచి 101 దాకా లేచి, 40 నుంచి 400 మిల్లీసెకన్లపాటు మెల్లగా దిగుతుంది. ఆల్టర్నేటర్ లోపలే క్లాంప్, అంటే వోల్టేజీని ఒక హద్దు దగ్గర పట్టి ఆపేది, ఉన్న బండ్లలో 35 వోల్టుల దగ్గర ఆగుతుంది.
- ఐఎస్ఓ 7637-2లోని పొట్టి పల్సులు. మైనస్ 150 దాకా దిగేది ఒకటి, ఉన్న వోల్టేజీ మీద ఇంకో 112 దాకా లేచి 50 మైక్రోసెకన్లలో పోయేది ఒకటి, ఇంకా చిన్నవి కొన్ని.

లోడ్ డంప్ అనగానే అరుదైన విషయం అనుకోకండి. టెర్మినల్ మీద తెల్లగా బూజులాంటి సల్ఫేట్ పేరుకుని, క్లాంపు వదులై, ఏదో గుంతలో పడ్డప్పుడు క్షణంపాటు కాంటాక్ట్ వదిలితే చాలు. మన రోడ్ల మీద ఇది ఊహించి తీరాల్సిన సంగతే.

మన వ్యాన్‌కి నేను ఇలా తీసుకుంటాను: బోర్డు టెర్మినల్ దగ్గర 4.5 వోల్టుల దాకా పని చేయాలి, 18 వోల్టుల దగ్గర మామూలుగా పని చేయాలి, 24, 35 వోల్టులు వచ్చినప్పుడు బతకాలి. ఆల్టర్నేటర్‌లో క్లాంప్ ఉందనే అనుకుంటున్నాను. పాత బండి అయితే ఈ ఊహ చెల్లదు, ఏడో మెట్టులో దాని సంగతి చూద్దాం.

2. డేటాషీట్‌లో మూడు చోట్ల చూడండి

అబ్సల్యూట్ మాక్సిమమ్ పట్టిక ఒకటి. అది దాటితే చిప్ చావొచ్చు అని చెప్పే పట్టిక, అక్కడి దాకా పని చేస్తుందని కాదు. ఎల్ఎం5155లో బయాస్ పిన్‌కి, అంటే చిప్‌కి కరెంటు ఇచ్చే పిన్‌కి, ఇది 50 వోల్టులు. రెండోది సిఫారసు చేసిన వాడుక పరిధి, ఇక్కడ 3.5 నుంచి 45. డిజైన్ చేసేది రెండోదాని మీద, అరక్షణం వచ్చి పోయే పల్సుని మాత్రమే మొదటిదాంతో పోల్చాలి.

మూడోది ఎవరూ చదవని చోటు, అంకె పక్కన చిన్న అక్షరాల్లో రాసే షరతులు. ఇదే ఎల్ఎం5155లో ఇంకో మాట ఉంది: బయాస్ పిన్‌కి 3.5 వోల్టులకి తగ్గకుండా వేరేగా అందుతుంటే, బూస్ట్ చేయాల్సిన సప్లై 1.5 వోల్టుల దాకా దిగినా ఫర్వాలేదు. అంటే చిప్‌కి తిండి పెట్టే వోల్టేజీ వేరు, ఇండక్టర్‌లోకి వెళ్లే వోల్టేజీ వేరు. రెండింటినీ ఒకే తీగకి కట్టడం మన అలవాటు గానీ చిప్ అలా కట్టమని అడగలేదు. అనలాగ్ డివైసెస్ వాళ్ల ఎల్‌టీసీ3786 డేటాషీట్‌లోనూ ఇలాంటి మాటే ఉంటుంది: మొదలవడానికి 4.5 వోల్టులు కావాలి, ఒకసారి మొదలయ్యాక 2.5 దాకా నడుస్తుంది. "మొదలవడానికి", "మొదలయ్యాక" అన్న మాటలు కనిపిస్తే అక్కడ కాసేపు ఆగండి.

ఇక బండ్లలో వాడే చిప్పులకి వేసే ఏఈసీ-క్యూ100 ముద్ర సంగతి. ఇది ఉంటే చిప్‌ని నేరుగా బ్యాటరీకి తగిలించొచ్చు అనుకునేవాళ్లు ఇంజనీర్లలోనే బోలెడుమంది. ఆ ముద్ర వేడి, చలి, తేమ, ఆయుష్షు లాంటి పరీక్షల గురించి చెప్తుంది. గ్రేడ్ 1 అంటే మైనస్ 40 నుంచి 125 డిగ్రీల దాకా అని. లోడ్ డంప్ తట్టుకుంటుందని ఎక్కడా చెప్పదు. సాక్ష్యం కావాలంటే టీపీఎస్61175-క్యూ1 చూడండి. అసలైన ఆటోమోటివ్ చిప్పే, ఇన్‌పుట్ మాత్రం 2.9 నుంచి 18 వోల్టులే. ముందు ఏదో ఒక రక్షణ లేకుండా దాన్ని బ్యాటరీకి కలిపితే, లారీ నుంచి జంపర్ వేసిన రోజే దాని ఆఖరి రోజు.

కోఠీ గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో దొరికే చవక మాడ్యూళ్ల సంగతి కూడా చెప్పేస్తాను. ఎంటీ3608 ఇన్‌పుట్ 24 వోల్టుల దాకా, ఎక్స్ఎల్6009 అయితే 32 దాకా. రెండూ క్లాంప్ చేసిన 35 వోల్టుల లోడ్ డంప్‌కి కూడా చాలవు. టేబుల్ మీద ప్రయోగాలకి బంగారంలాంటివి, బండిలో శాశ్వతంగా పెట్టడానికి పనికిరావు.

3. బూస్ట్ అంటే తలుపు లేని ఇల్లు అని గుర్తుంచుకోండి

వోల్టేజీని తగ్గించే బక్ కన్వర్టర్‌లో ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య స్విచ్ ఉంటుంది, అది ఆగిపోతే కరెంటు దాటదు. బూస్ట్‌లో స్విచ్ భూమి వైపు ఉంటుంది. బ్యాటరీ నుంచి ఇండక్టర్, అందులోంచి డయోడ్, అక్కడినుంచి లోడ్, ఈ దారిని ఆపేది ఏదీ లేదు. చిప్‌ని ఆఫ్ చేసినా బ్యాటరీ వోల్టేజీలో డయోడ్ మింగింది పోగా మిగిలింది ప్రింటర్‌కి వెళ్తూనే ఉంటుంది.

దీని ఫలితం ఏమిటంటే, ఇన్‌పుట్ 24 దాటిన క్షణం నుంచి మన "24 వోల్టుల" అవుట్‌పుట్ ఇన్‌పుట్ వెనకాలే నడుస్తుంది. 35 వోల్టుల లోడ్ డంప్ వస్తే ప్రింటర్‌కి 34 పైన వెళ్తుంది. చిప్‌కి 45 దాకా ఓపిక ఉంది కాబట్టి దానికేమీ కాదు, పోయేది ప్రింటర్. లోడ్ అంత తట్టుకోకపోతే బూస్ట్‌ని వదిలేసి, వోల్టేజీని పెంచనూ తగ్గించనూ గలిగే సెపిక్ అనే అమరికకి వెళ్లండి. ఎల్ఎం5155 అదీ చేస్తుంది, పైగా మధ్యలో కెపాసిటర్ ఉంటుంది కాబట్టి ఈ నేరు దారి తెగిపోతుంది. కాకపోతే అక్కడ స్విచ్ మీద ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ కలిసి పడతాయి, 35కి 24 కలిపితే 59, అంటే స్విచ్‌గా పెట్టే మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) 60 వోల్టులది చాలదు, 100 వోల్టులది కావాలి.

మన ప్రింటర్‌కి లోపల 36 వోల్టుల దాకా తట్టుకునే రెగ్యులేటర్ ఉందనుకుని బూస్ట్‌తోనే ముందుకెళ్తాను. అప్పుడు మాస్‌ఫెట్ 60 వోల్టులది సరిపోతుంది. ఇన్‌పుట్ 24 దాటినప్పుడు కంట్రోలర్ స్విచింగ్ మానేస్తుంది కాబట్టి ఆ సమయంలో స్విచ్ తగిలే చోట వోల్టేజీ ఊగడం (రింగింగ్) ఉండదు, 35 అంటే 35 చిల్లర, అంతే. డయోడ్ కూడా 60 వోల్టులదే. అవుట్‌పుట్ సిరామిక్ కెపాసిటర్లు 50 వోల్టులవి, ఎక్స్7ఆర్ రకం, ఏఈసీ-క్యూ200 (కెపాసిటర్ల లాంటి వాటికి వేసే అలాంటి ముద్రే) ఉన్నవి చూసి కొనండి. 24 వోల్టుల బయాస్ దగ్గర వాటి కెపాసిటెన్స్ సగానికి అటూఇటూ పడిపోవడం మామూలే, లెక్కలో అది తీసేసుకోండి.

4. కింది హద్దు లెక్క

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, బండిలో వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడివే.

24 వోల్టులు, 1 ఆంప్, అంటే 24 వాట్లు. సామర్థ్యం తక్కువ వోల్టేజీ దగ్గర 85 శాతం అనుకుంటే లోపలికి 28.2 వాట్లు కావాలి. ఇన్‌పుట్ 12 వోల్టులున్నప్పుడు సామర్థ్యం కూడా మెరుగు కాబట్టి 2.2 ఆంప్స్ లాగుతుంది. అదే 4.5 వోల్టుల దగ్గర 6.27 ఆంప్స్. వోల్టేజీ పడే కొద్దీ కరెంటు పెరుగుతుంది, ఇదే బూస్ట్‌తో వచ్చే తలనొప్పి.

డ్యూటీ సైకిల్ అంటే ప్రతి సైకిల్‌లో స్విచ్ ఆన్‌లో ఉండే వంతు. అది కావాలంటే ఒకటిలోంచి ఇన్‌పుట్‌ని సామర్థ్యంతో గుణించి అవుట్‌పుట్‌తో భాగిస్తే వచ్చేది తీసేయాలి. 4.5 దగ్గర అది 84 శాతం. మీ చిప్ గరిష్ఠ డ్యూటీ ఎంతో, మీరు పెట్టిన ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంతో చూడండి. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఆ గరిష్ఠం తగ్గుతుంది, ఎందుకంటే ప్రతి సైకిల్‌లో ఇంత సేపు ఆఫ్‌లో ఉండాలన్న సమయం మారదు. 400 కిలోహెర్ట్జ్ తీసుకుంటే 84 శాతానికి ఇబ్బంది ఉండదు. 2.2 మెగాహెర్ట్జ్ దగ్గర పీరియడ్ మొత్తం 455 నానోసెకన్లు, అందులో ఆఫ్‌కి మిగిలేది 73, ఇది కష్టం. 2.2 మెగాహెర్ట్జ్ ఎందుకు వాడతారంటే ఏఎం రేడియో బ్యాండుకి పైన ఉండటానికి. మనం 400 దగ్గర, ఆ బ్యాండుకి కింద ఉన్నాం.

ఇండక్టర్ 10 మైక్రోహెన్రీలు పెడితే, 4.5 దగ్గర రిపుల్, అంటే ప్రతి సైకిల్‌లో కరెంటు పైకీ కిందికీ ఊగేది, 0.95 ఆంప్. సగటుకి అందులో సగం కలిపితే శిఖరం 6.75 ఆంప్స్. ఎంటీ3608లో ఉన్న 4 ఆంప్స్ స్విచ్ ఎందుకు చాలదో ఇప్పుడు అర్థమవుతుంది. దాని ఇన్‌పుట్ 2 వోల్టుల నుంచి మొదలు అని రాసి ఉన్నా, మన లోడ్‌కి అది ఆరేడు వోల్టుల దగ్గరే చేతులెత్తేస్తుంది.

ఎల్ఎం5155లో కరెంటు హద్దు 100 మిల్లీవోల్టులు. 6.75కి 20 శాతం కలిపి 8.1 ఆంప్స్ అనుకుంటే కరెంటుని కొలిచే సెన్స్ రెసిస్టర్ 12 మిల్లీఓమ్‌లు వస్తుంది. దాంతో హద్దు 8.3, చిప్ తేడా 7 శాతం కలిపితే 8.9 దాకా పోవచ్చు. కాబట్టి ఇండక్టర్ వేడిగా ఉన్నప్పుడు కూడా 10 ఆంప్స్ దాకా సాచురేట్ కానిది (కోర్ నిండిపోయి ఇండక్టెన్స్ పడిపోనిది) కావాలి. ఎక్కువ డ్యూటీ దగ్గర కన్వర్టర్ నిలకడ కోసం స్లోప్ కాంపెన్సేషన్ రెసిస్టర్ పెట్టేట్టయితే ఈ హద్దు కొంచెం మారుతుంది, డేటాషీట్ సూత్రంతో సరిచూసుకోండి.

ఇప్పుడు వైరు. డాష్‌బోర్డ్ దాకా 3 మీటర్లు అనుకోండి, రానూపోనూ 6. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే నిరోధం 0.14 ఓమ్స్. 6.27 ఆంప్స్‌కి 0.88 వోల్టులు పడతాయి, అంటే బ్యాటరీ దగ్గర 4.5 ఉంటే బోర్డు దగ్గర 3.6 అనుకుంటారు. అది కూడా తప్పే. వోల్టేజీ పడితే కన్వర్టర్ ఇంకా కరెంటు లాగుతుంది, దాంతో ఇంకా పడుతుంది. సమీకరణం పూర్తిగా సాధిస్తే బోర్డు దగ్గర 3.3 వోల్టులు, 8.5 ఆంప్స్ దగ్గర తేలుతుంది. ఫ్యూజ్ హోల్డర్, కనెక్టర్, ఎర్త్ బోల్ట్ కింద పెయింటు కలిసి దారి మొత్తం నిరోధం 0.18 ఓమ్స్ దాటితే ఆ సమీకరణానికి అసలు జవాబే ఉండదు, బోర్డు వోల్టేజీ కుప్పకూలుతుంది. చిప్ 1.5 వోల్టుల దాకా పని చేస్తుందన్న మాటకి అక్కడ విలువ లేదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నిరోధం సగమై, బోర్డు దగ్గర 4 వోల్టులు నిలుస్తాయి. చిప్ మార్చే ముందు వైరు మార్చండి, డబ్బులూ కలిసొస్తాయి.

బోర్డు మీద పెద్ద కెపాసిటర్ పెట్టి ఆ 15 మిల్లీసెకన్లు నెట్టుకురావచ్చు కదా అంటారు. లెక్క చూడండి: 1000 మైక్రోఫారడ్‌లు 12 నుంచి 4.5కి దిగితే ఇచ్చేది 0.06 జౌల్, మనకి కావలసింది 0.42. ఏడు కెపాసిటర్లు పేర్చాలి.

చివరిగా బయాస్. ఈ పిన్‌ని బ్యాటరీకి కాకుండా 24 వోల్టుల అవుట్‌పుట్‌కి కట్టండి. మొదలయ్యేటప్పుడు ఇండక్టర్, డయోడ్ దారిలో బ్యాటరీ వోల్టేజీ అక్కడికి ఎలాగూ వస్తుంది, మొదలయ్యాక 24 ఉంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ 4.5కి పడ్డా చిప్‌కి ఆ సంగతే తెలియదు, మాస్‌ఫెట్ గేటుకి పూర్తి 6.85 వోల్టులు అందుతాయి. బ్యాటరీకి కట్టి ఉంటే సరిగ్గా కరెంటు ఎక్కువ కావలసిన క్షణంలో గేటుకి 4 వోల్టులు అంది మాస్‌ఫెట్ సగం తెరుచుకుని కాలేది. ఈ మార్పు వల్ల చిప్‌లో వేడి కొంచెం పెరుగుతుంది, 20 నానోకూలంబ్‌ల గేట్ అయితే, 12 వోల్టుల బ్యాటరీకి కట్టినప్పటికన్నా 0.1 వాట్ అదనం, భరించొచ్చు.

5. ఎక్కడ ఆపాలో మీరే చెప్పండి

కింది హద్దుని ఖర్మకి వదిలేయకుండా యూవీఎల్ఓ పిన్‌తో, అంటే వోల్టేజీ మరీ తగ్గితే చిప్‌ని ఆపేసే పిన్‌తో, బిగించాలి. లేకపోతే వోల్టేజీ పడుతుంటే కన్వర్టర్ ఆగడం, ఆగగానే వైరులో పతనం తగ్గి వోల్టేజీ లేవడం, మళ్లీ మొదలవడం, మళ్లీ పడటం, ఇలా టిక్ టిక్ మంటూ కూర్చుంటుంది.

ఎల్ఎం5155లో ఈ పిన్ 1.5 వోల్టుల దగ్గర తెరుచుకుంటుంది, తెరుచుకున్నాక 5 మైక్రోఆంప్స్ కరెంటు లోపలినుంచి ఇచ్చి, మొదలయ్యే వోల్టేజీకీ ఆగే వోల్టేజీకీ తేడా సృష్టిస్తుంది. 6 వోల్టుల దగ్గర మొదలై 4 దగ్గర ఆగాలి అనుకుందాం. పడేటప్పుడు పిన్ హద్దు 1.45 కాబట్టి 6ని ఆ నిష్పత్తిలో తగ్గిస్తే 5.8. అందులోంచి 4 తీసేస్తే 1.8, దాన్ని 5 మైక్రోఆంప్స్‌తో భాగిస్తే పై రెసిస్టర్ 360 కిలోఓమ్స్. కింది రెసిస్టర్ 1.5ని 360తో గుణించి 4.5తో భాగిస్తే 120 కిలోఓమ్స్. రెండూ షాపులో దొరికే విలువలే. ఈ డివైడర్‌ని ఇన్‌పుట్‌కే కట్టాలి, బయాస్‌తో పాటు అవుట్‌పుట్‌కి కట్టేస్తే ఇది దేన్నీ కొలవదు. నిరోధాలు పెద్దవి కాబట్టి ఆ చోట ఫ్లక్స్ మరకలు ఉంచకండి, వానాకాలం తేమకి లీకేజీ వచ్చి హద్దు జరిగిపోతుంది.

6. పై వైపు ఒక చిన్న సంగతి

ఇన్‌పుట్ అవుట్‌పుట్‌కి దగ్గరయ్యే కొద్దీ డ్యూటీ సైకిల్ సున్నా వైపు పోతుంది. 22 వోల్టుల దగ్గర 8 శాతం, మన 400 కిలోహెర్ట్జ్‌కి 208 నానోసెకన్లు. 2.2 మెగాహెర్ట్జ్ అయితే 38, అంత పొట్టి పల్సుని చాలా చిప్పులు ఇవ్వలేవు, మధ్యలో సైకిళ్లు వదిలేస్తాయి. రిపుల్ పెరుగుతుంది, సన్నగా ఈల వేసినట్టు శబ్దం రావొచ్చు, ఏదీ పాడవదు. జంపర్ వేసిన ఒక్క నిమిషానికి దీని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

7. ముందు రక్షణ: టీవీఎస్ ఎంపికలో ఉన్న చిక్కు

టీవీఎస్ అంటే హద్దు దాటిన వోల్టేజీని తనలోంచి భూమికి మళ్లించే డయోడ్. మామూలుగా చెప్పే సలహా: ఎస్ఎంబీజే24ఏ అనే టీవీఎస్ పెట్టు, 24 వోల్టుల జంప్ స్టార్ట్‌కి కదలదు, 38.9 దగ్గర క్లాంప్ చేస్తుంది, అంతా సుఖం. ఇది పనిచేయదు. దాని బ్రేక్‌డౌన్, అంటే కరెంటుని వదలడం మొదలుపెట్టే వోల్టేజీ, 26.7 నుంచి 29.5 మధ్యలో ఉంటుంది. ఆల్టర్నేటర్ క్లాంప్ చేసిన లోడ్ డంప్ 35 వోల్టుల దగ్గర వందల మిల్లీసెకన్లు నిలబడుతుంది. అంటే ఈ చిన్న టీవీఎస్ ఆల్టర్నేటర్‌తో కుస్తీ పడుతుంది. అది 600 వాట్లు తట్టుకునేది ఒక మిల్లీసెకను పల్సుకే, వందల మిల్లీసెకన్లకి కాలి షార్ట్ అవుతుంది, ఫ్యూజు పోతుంది.

కాబట్టి బ్రేక్‌డౌన్ 35కి పైన ఉండాలి. 33 వోల్టుల రకం అయితే 36.7 నుంచి మొదలవుతుంది, లోడ్ డంప్‌ని పట్టించుకోకుండా పొట్టి పల్సుల్నే పడుతుంది. కానీ ఎస్ఎంబీజే33ఏ 53.3 వోల్టుల దాకా వదులుతుంది, అదీ 11.3 ఆంప్స్‌కే. 112 వోల్టుల పల్సు, లోపలి నిరోధం 2 ఓమ్స్, ఉన్న 13.5 కలుపుకుంటే 40 ఆంప్స్ తోస్తుంది. చిప్ 50, టీవీఎస్ 53 పైన. ఇదీ చిక్కు.

విడిపించే దారి, అదే వోల్టేజీలో పెద్ద ఒళ్లున్న టీవీఎస్. ఎస్ఎం8ఎస్33ఏ కూడా 53.3 అనే చెప్తుంది కానీ అది 124 ఆంప్స్ దగ్గర. 40 ఆంప్స్ దగ్గర గీత గీసి చూస్తే దాదాపు 45 వోల్టులే వస్తుంది. పైగా మన బయాస్ పిన్ ఇండక్టర్‌కీ అవుట్‌పుట్ కెపాసిటర్లకీ వెనకాల ఉంది కాబట్టి 50 మైక్రోసెకన్ల పల్సు దాని దాకా పూర్తిగా చేరదు. క్లాంప్ వోల్టేజీ ఎప్పుడూ ఏ కరెంటు దగ్గరో చూసి చదవాలి, అంతే.

క్లాంప్ లేని పాత ఆల్టర్నేటర్ అయితే 101 వోల్టులు, 2 ఓమ్స్ అనుకుంటే ఈ పెద్ద టీవీఎస్‌లో మొదట్లో 28 ఆంప్స్, 1250 వాట్లు దాకా పడి మెల్లగా దిగుతుంది. నిరోధం 0.5 ఓమ్ అయితే వంద ఆంప్స్ దాటుతుంది. అక్కడ టీవీఎస్‌ని నమ్మకుండా ఎల్‌టీ4356 లాంటి సర్జ్ స్టాపర్ పెట్టడం నయం. అది మధ్యలో మాస్‌ఫెట్‌తో వోల్టేజీని మీరు చెప్పిన చోట ఆపేస్తుంది, మూడో మెట్టులో చెప్పిన ప్రింటర్ బాధ కూడా తీరుతుంది.

ఉల్టా బ్యాటరీకి షాట్కీ డయోడ్ పెడితే అర వోల్టు పోతుంది. 12 దగ్గర అది చిల్లర, 4.5 దగ్గర తొమ్మిదో వంతు. నేనైతే ఎల్ఎం74700-క్యూ1 లాంటి ఐడియల్ డయోడ్ కంట్రోలర్ (మాస్‌ఫెట్‌ని డయోడ్‌లా నడిపి, పోయే వోల్టేజీని బాగా తగ్గించేది) పెడతాను. 3.2 నుంచి 65 వోల్టుల దాకా పని చేస్తుంది, మొదలవడానికి 3.9 కావాలి, మైనస్ 65 తట్టుకుంటుంది. టీవీఎస్ దీనికి ముందు ఉంటుంది కాబట్టి ఏకదిశ రకమైతే బ్యాటరీ ఉల్టా తగిలించినప్పుడు ముందుకి వాహకమై ఫ్యూజు కొట్టేస్తుంది. అది వద్దంటే రెండు టీవీఎస్‌లు ఎదురెదురుగా పెట్టండి.

8. బల్ల మీద పరీక్ష

ప్రింటర్ బదులు ముందు 24 ఓమ్‌ల పవర్ రెసిస్టర్ పెట్టండి. సప్లైని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ ఎక్కడ మొదలైందో, దించుతూ ఎక్కడ ఆగిందో రాసుకోండి, 6, 4 దగ్గర రావాలి. బెంచ్ సప్లై కరెంటు హద్దు 10 ఆంప్స్ పైన పెట్టండి, లేదంటే మీ సప్లై ఆగిపోయి చిప్‌ని తిడుతూ కూర్చుంటారు. వోల్టేజీ కొలిచేది సప్లై డిస్‌ప్లే మీద కాదు, బోర్డు టెర్మినల్ మీద. 4.5 దగ్గర ఒక నిమిషం ఉంచి ఇండక్టర్, మాస్‌ఫెట్ వేడి చూడండి, స్కోప్‌లో సెన్స్ రెసిస్టర్ మీద రూపం నిటారుగా లేస్తుంటే ఇండక్టర్ సాచురేట్ అవుతోందని అర్థం.

తర్వాత 18 వోల్టుల దగ్గర గంట, 24 దగ్గర నిమిషం, 35 దగ్గర అర సెకను. ఈ చివరి రెండింటిలో అవుట్‌పుట్ మీద స్కోప్ తప్పనిసరి, ఇన్‌పుట్‌ని వెంబడించడం కళ్లారా కనిపిస్తుంది.

అన్నిటికన్నా చాలామంది వదిలేసేది హాట్ ప్లగ్. బండిలో వాడే అదే 3 మీటర్ల వైరుతో, సప్లై ఆన్‌లో ఉండగానే కనెక్టర్ గుచ్చండి. వైరు ఇండక్టెన్స్, ఇన్‌పుట్ సిరామిక్ కెపాసిటర్లు కలిసి ఊగి వోల్టేజీ దాదాపు రెట్టింపు దాకా లేస్తుంది. 14 అయితే 28, ఫర్వాలేదు. 24 అయితే 48. బూస్ట్‌లో లోపలి ఇండక్టర్, అవుట్‌పుట్ కెపాసిటర్లు కూడా ఇలాగే ఊగి, ఆ పైకి లేవడం అవుట్‌పుట్ మీదా కనిపిస్తుంది, మన 50 వోల్టుల కెపాసిటర్లకి అంచు అది. మందు సులువే, సిరామిక్‌ల పక్కన ఒక మామూలు ఎలక్ట్రోలిటిక్, 63 వోల్టులది, 100 నుంచి 220 మైక్రోఫారడ్‌లు. దాని లోపలి నిరోధమే ఊగుడుని చంపుతుంది. ప్రోబ్ భూమి తీగ పొడుగ్గా ఉంటే అది కూడా ఊగి లేని శిఖరాలు చూపిస్తుంది, చిన్న స్ప్రింగు క్లిప్‌తో కొలవండి.

ఇదే బోర్డుని లారీలో పెడదామనుకుంటే వద్దు. ఇంజిన్ నడుస్తుంటేనే అక్కడ 28 వోల్టులు, బూస్ట్ ఎప్పుడూ మొదలవదు, హాట్ ప్లగ్‌లో 56 దాకా లేస్తుంది, చిప్ హద్దు 50. లారీకి 24 వోల్టుల ప్రింటర్ కావాలంటే ఈ చిప్, ఈ టీవీఎస్ పక్కన పెట్టి మొదటి మెట్టు నుంచి 24 వోల్టుల బండి అంకెలతో మళ్లీ మొదలుపెట్టాలి.